తేలే కట్టె, మునిగే కట్టె

ఏటా వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు వస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ అవుతాయి. ఆ వార్త వినగానే దిగువన దేవీపట్నం మొదలుకొని రాజమహేంద్రవరం వరకు, ధవళేశ్వరం ఆనకట్ట దాటి లంక గ్రామాల వరకు జనం తమ తమ ఏర్పాట్లు మొదలుపెడతారు. కొందరు సామాను మెరక మీదికి చేర్చుకుంటారు. కొందరు తాళ్ళు, కొక్కేలు పట్టుకొని గట్టుకు వెళ్తారు. అడవి నుంచి వరద మోసుకొచ్చే కట్టెను ఒడ్డుకు లాగితే కొన్ని నెలల వంటచెరకు చేతికొచ్చినట్టే.

ఆ సమయంలో గట్టు మీద నిలబడి ప్రవాహాన్ని కాసేపు పరిశీలిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. కొన్ని మొద్దులు నీటి మీద కూర్చున్నట్టుగా, ముప్పాతిక వంతు పైకి కనిపిస్తూ వస్తాయి. కొన్ని సగం మునిగి వస్తాయి. మరికొన్ని నీటిలో పడుకున్న గేదె వీపులాగా సన్నని చార మాత్రమే చూపిస్తూ వస్తాయి. అసలే కనిపించకుండా నీటి అడుగున దొర్లుకుంటూ వచ్చి, ఏ గుంజకో తగిలినప్పుడు మాత్రమే తమ ఉనికిని తెలియజేసేవీ ఉంటాయి. అన్నీ చెట్లే, అన్నీ కట్టెలే. మరి ఈ తేడా ఎందుకు?

పిల్లలు ఈ ప్రశ్న అడిగినప్పుడు, "కట్టె తేలిక, అందుకే తేలుతుంది" అని చెప్పి ఊరుకుంటాం. ఆ సమాధానంలో సగమే నిజం ఉంది. మిగిలిన సగం తెలుసుకోవడం శాస్త్ర పరిజ్ఞానానికే కాదు, నది పక్కన, కాలువ పక్కన కాపురముండే మన కుటుంబాల ప్రాణరక్షణకూ అవసరం.

నీరు పైకి నెట్టే బలం

బావిలో నీళ్ళు తోడిన వారందరికీ ఒక అనుభవం ఉంటుంది. చేద నీటిలో మునిగి ఉన్నంతసేపు తాడు లాగడం సుళువు. చేద నీటిని వదిలి పైకి రాగానే ఒక్కసారిగా బరువు చేతికి తెలుస్తుంది. అంటే అప్పటివరకు ఆ బరువును మనకు బదులుగా నీరు మోసింది. నీటిలో ఉన్న ప్రతి వస్తువునూ నీరు ఇలాగే పైకి నెడుతూ ఉంటుంది. దీనినే ఉత్ప్లవన బలం అంటారు.

ఆ బలం ఎంత? క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలో సిరక్యూస్ నగరానికి చెందిన ఆర్కిమెడిస్ ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాడు. వస్తువు ఎంత నీటిని పక్కకు నెట్టి ఆ చోటును ఆక్రమిస్తుందో, అంత నీటి బరువుకు సమానమైన బలంతో నీరు దానిని పైకి నెడుతుంది.

లెక్క వేసి చూద్దాం. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి సెంటీమీటర్లు ఉన్న ఒక చెక్క దిమ్మను తీసుకుందాం. దాని పరిమాణం సరిగ్గా ఒక లీటరు. లీటరు నీటి బరువు ఒక కిలో. దిమ్మ బరువు 650 గ్రాములు అయితే, అది 650 మిల్లీలీటర్ల నీటిని పక్కకు నెట్టేంతవరకే మునుగుతుంది. అక్కడ నీటి నెట్టుడు, దిమ్మ బరువు సరిసమానమవుతాయి. మిగతా భాగం పైనే నిలుస్తుంది. దిమ్మ బరువు 1,100 గ్రాములు అయితే అది పూర్తిగా మునిగినా నీరు ఇవ్వగల ఆసరా 1,000 గ్రాములే. మిగిలిన 100 గ్రాములను మోసేవారు లేరు కాబట్టి దిమ్మ అడుగుకు చేరుతుంది.

కనుక చూడవలసింది మొత్తం బరువును కాదు, పరిమాణానికి తగిన బరువును. దానినే సాంద్రత అంటారు. నీటి సాంద్రతను 1 అనుకుంటే, అంతకన్నా తక్కువ సాంద్రత గల కట్టె తేలుతుంది, ఎక్కువ గలది మునుగుతుంది. పది మంది మోయలేని బూరుగు మాను తేలుతుంది. పసిబిడ్డ గుప్పిట్లో పట్టే ఎర్రచందనం ముక్క మునుగుతుంది.

బంగారం నుంచి నీటి వరకు తూచినవారు

ఆర్కిమెడిస్ చెప్పిన సూత్రాన్ని కచ్చితమైన కొలతల శాస్త్రంగా మలచిన వారిలో ముస్లిం పండితులు ముఖ్యులు. క్రీ.శ. 973లో ఖ్వారిజ్మ్ ప్రాంతంలో జన్మించిన అల్ బిరూనీ, మన దేశానికి వచ్చి ఇక్కడి శాస్త్రాలను, ఆచారాలను గ్రంథస్థం చేసిన పండితుడిగా మనకు పరిచితుడే. ఆయన లోహాల, రత్నాల సాంద్రతను కొలవడానికి పక్కన సన్నని గొట్టం ఉన్న ఒక శంఖాకారపు పాత్రను తయారు చేసుకున్నాడు. నిండుగా నీరు పోసిన ఆ పాత్రలో వస్తువును వేస్తే, అది ఆక్రమించిన చోటుకు సమానమైన నీరు గొట్టం గుండా పొర్లి పోతుంది. ఆ నీటిని తూచితే వస్తువు పరిమాణం తెలుస్తుంది.

ఆ తరువాత మర్వ్ నగరంలో నివసించిన అల్ ఖాజినీ 1121లో 'మీజాన్ అల్ హిక్మా' అనే గ్రంథాన్ని పూర్తి చేశాడు. 'వివేకపు త్రాసు' అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. వస్తువును గాలిలో ఒకసారి, నీటిలో ఒకసారి తూచి, బంగారంలో వెండి కలిసిందో లేదో పట్టుకోగల త్రాసును ఆయన అందులో వర్ణించాడు. ఘనపదార్థాలతోపాటు ద్రవాల సాంద్రతలను కూడా ఆయన నమోదు చేశాడు. వేడి నీరు, చన్నీరు ఒకే పరిమాణంలో ఒకే బరువు తూగవని గుర్తించాడు.

బజారులో జరిగే మోసాన్ని అరికట్టడం ఆ తూనిక తక్షణ ప్రయోజనం. సృష్టిలో ప్రతిదానికీ ఒక కొలత ఉన్నదన్న విశ్వాసం ఆ శ్రమ వెనుక నిలిచిన ప్రేరణ. ఆ కొలత కట్టెలో ఎలా పనిచేస్తుందో ఇప్పుడు చూద్దాం.

కట్టెలో కట్టె ఎంత?

ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మునగ కర్రనైనా, టేకునైనా, ఎర్రచందనాన్నైనా అందులో గాలి చొరబడే ఖాళీ ఏమీ మిగలకుండా నొక్కివేయగలిగితే, మిగిలే అసలు పదార్థం సాంద్రత అన్నింటిలోనూ దాదాపు ఒక్కటే. అది సుమారు 1.5. అంటే అసలైన కట్టె పదార్థం ఏ చెట్టుదైనా నీటికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. న్యాయంగా ప్రతి కట్టే మునగాలి.

మునగకుండా ఆపుతున్నది ఏమిటి? చెట్టు మానును అడ్డంగా కోసి భూతద్దం కింద పెడితే తేనెపట్టులాంటి అమరిక కనిపిస్తుంది. వేళ్ళ నుంచి ఆకులకు నీరు మోసిన సన్నని గొట్టాలు, వాటి చుట్టూ కణాల గదులు. ఆ గదుల గోడలే కట్టె. గదుల లోపల ఉన్నది ఖాళీ. చెట్టు ఎండాక ఆ ఖాళీలో గాలి నిండుతుంది. గోడలు పలుచగా, గదులు విశాలంగా ఉన్న కట్టె తేలిక. గోడలు మందంగా, గదులు ఇరుకుగా ఉన్న కట్టె బరువు.

మనం ఎరిగిన చెట్లతోనే పోల్చి చూద్దాం. ఎండిన బూరుగు కట్టె సాంద్రత సుమారు 0.37. అంటే అందులో నాలుగో వంతే కట్టె, ముప్పాతిక వంతు గాలి. ఎండిన టేకు సుమారు 0.65. అందులో సగానికన్నా కొంచెం ఎక్కువ గాలి ఉన్నట్టు. మామిడి కూడా ఇంచుమించు అంతే. తుమ్మ 0.8 దగ్గర ఉంటుంది. అందువల్లనే ఒకప్పుడు బండిచక్రాలకు, నాగళ్ళకు తుమ్మను, అగ్గిపుల్లలకు, ప్యాకింగ్ పెట్టెలకు బూరుగును వాడారు. దక్షిణ అమెరికాలో పెరిగే బాల్సా అనే కట్టె ఇంకా తేలిక. దాని సాంద్రత 0.16 దగ్గర ఉంటుంది.

ఇక రెండవ కొస మన రాష్ట్రంలోనే ఉంది. శేషాచలం కొండల ఎర్రచందనం చేవ సాంద్రత సుమారు 1.1. దానిలో నూటికి డెబ్భై పాళ్ళకు పైగా గట్టి పదార్థమే. గాలికి మిగిలిన చోటు చాలదు కనుక ఎండిన చేవ ముక్క కూడా నీటిలో మునుగుతుంది. నల్లచేవ మాను కూడా ఇదే కోవకు చెందినది.

అంటే కట్టె తేలడానికి కారణం కట్టె కాదు, అది తన లోపల దాచుకున్న గాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగిలిన చిక్కుముడులన్నీ వాటంతటవే విడిపోతాయి.

పచ్చికట్టె సంగతి

వరదలో ఒకే జాతి చెట్టు రెండు రకాలుగా ఎందుకు కనిపిస్తుందో ఇప్పుడు తేలికగా గ్రహించవచ్చు. బతికి ఉన్న చెట్టులో గదులన్నీ గాలితో ఉండవు. చాలా వాటిలో నీరే ఉంటుంది. కూలిన వెంటనే నదిలో పడిన పచ్చి టేకు మాను సాంద్రత ఇంచుమించు నీటితో సమానం. అది అంచు మాత్రమే చూపిస్తూ తేలవచ్చు, లేదా మునిగిపోవచ్చు. నల్లమద్ది వంటి బరువు జాతుల పచ్చి మాను మునిగే అవకాశం మరీ ఎక్కువ. అదే టేకు ఏడాది రెండేళ్ళు ఎండితే హాయిగా తేలుతుంది.

బర్మా అడవుల వర్తకులు ఈ రహస్యాన్ని బాగా ఎరిగినవారు. టేకు చెట్టును నరకడానికి రెండు మూడేళ్ళ ముందే మొదట్లో బెరడును, దాని కింది తెల్లచెక్కను చుట్టూ గాటుపెట్టి తొలగించేవారు. చెట్టు నిలువునా చచ్చి, నిలువునా ఎండేది. ఆ తరువాత నరికి వాగుల్లో వదిలితే తేలుతూ ఇరావతీ నదికి, అక్కడి నుంచి తెప్పలుగా రంగూన్ రేవుకు చేరేది. రంగూన్ కోతమిల్లుల్లో, బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో చెమటోడ్చిన వారిలో మన తెలుగువారు ఎందరో ఉన్నారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళినందువల్ల బర్మీయులు తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచేవారు.

మన గోదావరిలోనూ రైళ్ళు, లారీలు రాకముందు కలపకు నదే రహదారి. ఎగువ అడవుల టేకు, వెదురు తెప్పలుగా కట్టబడి రాజమహేంద్రవరం చేరేవి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల మీద, లాకుల గుండా డెల్టా పల్లెలకు పడవల రాకపోకలు పెరిగాయి. తమంతట తాము తేలలేని బరువు దుంగలను తెప్పల మీద తరలించేవారు వాటిని వెదురు కట్టల నడుమ బిగించడం అనేక నదుల మీద వాడుకలో ఉన్న పద్ధతి. వెదురు గొప్పతనం దాని కణుపుల్లో ఉంది. ప్రతి రెండు కణుపుల మధ్య మూతబడిన ఒక గాలి గది ఉంటుంది. ఒక గది పగిలినా మిగిలినవి పనిచేస్తాయి. ఆ గాలి బరువు దుంగను కూడా మోస్తుంది.

అయితే ఏ కట్టైనా నీటిలో చాలాకాలం నానితే గాలి గదుల్లోకి క్రమంగా నీరు చేరుతుంది. "కట్టె నీరు తాగింది" అని పెద్దలు అనే మాట అక్షరాలా నిజం. నిన్న తేలిన మొద్దు మరికొన్ని నెలలకు మునుగుతుంది. వరదలో కనిపించకుండా వచ్చే దుంగలలో ఇటువంటివీ ఉంటాయి.

అరటి బోదె ఇందుకు మరో ఉదాహరణ. దానిలో ఎక్కువ భాగం నీరే. అయినా బోదె పొరల్లో వరుసగా గాలి అరలు ఉన్నందువల్ల అది తేలుతుంది. వరద ముంచెత్తినప్పుడు లంకల్లో అరటి బోదెలను వెదురు పుల్లలతో గుచ్చి తెప్పలుగా చేసుకోవడం పాత అలవాటు. కాని బోదె త్వరగా కుళ్ళుతుంది. అరలు చెడిపోగానే తెప్ప బలం తగ్గిపోతుంది. నిన్నటి తెప్పను నేడు నమ్మరాదు.

కట్టె ఒకటే, ద్రవం వేరు

ఇప్పటివరకు నీటి గురించే మాట్లాడుకున్నాం. ద్రవం మారితే తీర్పు కూడా మారుతుంది. కిరోసిన్ సాంద్రత సుమారు 0.8, వంటనూనెలది సుమారు 0.92. ఎండిన చింత చేవ వంటి 0.9 దగ్గరి కట్టె నీటిలో తేలుతుంది, కిరోసిన్‌లో మునుగుతుంది. తేనె సాంద్రత 1.4. ఎర్రచందనం ముక్కకు కూడా తేనె ఆసరా ఇస్తుంది. పాదరసం 13.6 కాబట్టి దాని మీద ఇనుప మేకు సైతం తేలుతుంది.

ఈ సంగతి మన వంటిళ్ళకు, పొలాలకు కొత్తది కాదు. తాజా కోడిగుడ్డు మంచినీటిలో మునుగుతుంది. నీటిలో ఉప్పు కలుపుతూ పోతే ఒక దశలో పైకి వస్తుంది. వరి రైతు విత్తనాలను ఎంచుకునే పద్ధతి దీని మీదనే ఆధారపడింది. గుడ్డు తేలి, దాని పైభాగం నాణెమంత కనిపించేవరకు నీటిలో ఉప్పు కలిపి, ఆ నీటిలో విత్తనాలు పోస్తే తాలు గింజలు, అరకొర గింజలు పైకి తేలతాయి. గట్టి గింజలు అడుగున నిలుస్తాయి. వాటిని మంచినీటితో కడిగి నారుమడికి వాడతారు. తాలు గింజలో ఉన్నదీ గాలే. నిల్వ ఉన్న కోడిగుడ్డు మంచినీటిలోనే తేలడానికి కారణం కూడా రోజులు గడిచేకొద్దీ దాని లోపలి గాలి గది పెరగడమే.

మన డెల్టాలో నది సముద్రాన్ని చేరే అంతర్వేది వంటి చోట్ల ఈ తేడా పడవలకు కూడా తెలుస్తుంది. సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025. వెయ్యి కిలోల పడవ మంచినీటిలో వెయ్యి లీటర్ల నీటిని పక్కకు నెట్టవలసి ఉండగా, సముద్రంలో 976 లీటర్లు చాలు. అందువల్ల సముద్రం నుంచి నదిలోకి వచ్చిన పడవ కాస్త కిందికి దిగుతుంది. నిండు బరువుతో వచ్చినవారు ఈ దిగుడును ముందే లెక్కలో పెట్టుకోవాలి. పెద్ద ఓడల పక్కన ఉప్పునీటికి ఒక గీత, మంచినీటికి మరో గీత ఉండేది ఇందుకే.

ఇంట్లో పిల్లలతో చేయించదగిన ఒక చిన్న పరీక్ష ఉంది. వడ్రంగి దగ్గర నుంచి టేకు, మామిడి, తుమ్మ, వేప ముక్కలు తెచ్చి, ఒకే మందంలో పలకలుగా చేయించండి. ఒక్కొక్కటి నీటిలో పరచినట్టుగా వదిలి, తడి ఎంతవరకు ఎక్కిందో పెన్సిలుతో వెంటనే గీత గీయండి. పలక మందం 5 సెంటీమీటర్లు, మునిగినది 3 సెంటీమీటర్లు అయితే సాంద్రత 0.6. అవే పలకలను రెండు వారాలు నీటిలో అదిమి ఉంచి మళ్ళీ చూడండి. గీత ఎంత పైకి జరిగిందో పిల్లలే కనిపెడతారు. ఈ పరీక్ష బకెట్టులోనే చేయాలి. కాలువ రేవులో చేయవద్దు.

తాటి దోనె నుంచి పంటు దాకా

ముదిరిన తాటి మాను మొదలు భాగంలో పైపొర నల్లని నారతో ఎంతో బరువుగా, గట్టిగా ఉంటుంది. ఇళ్ళకు దూలాలు, వాసాలు చేసేది దానితోనే. లోపలి దవ్వ మాత్రం మెత్తగా ఉండి, నీటిని పీల్చుకుంటుంది. అటువంటి మానుతోనే కొల్లేటిలో, డెల్టా కాలువల్లో తాటి దోనెలు చేసుకున్నారు. మానును చీల్చి, మెత్తని దవ్వను తొలిచివేసి, గట్టి పెంకును మిగుల్చుకుంటే దోనె తయారు. ఒంటి దోనె బోల్తా పడుతుందనుకుంటే రెండింటిని జతకట్టి నడిపారు.

ఇక్కడ జరిగిన పనేమిటో గమనించండి. కట్టె గదుల్లో చెట్టు తనకు తాను చేసుకున్న ఖాళీకి మనిషి తన బాడిసతో మరో పెద్ద ఖాళీని జోడించాడు. ఆ ఖాళీ కూడా నీటిని పక్కకు నెట్టడంలో పాలుపంచుకుంటుంది. అందుకే దోనె తన బరువుతోపాటు మనిషిని, వలను, చేపల బుట్టను మోయగలదు. నూహ్ ప్రవక్త (అలైహిస్సలాం) నిర్మించిన ఓడ అయినా, కాకినాడ రేవులోని ఇనుప ఓడ అయినా తేలేది ఈ నియమం మీదనే. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వాహనాలను దాటించే పంటు ఇనుముతో చేసినదే. దాని లోపలి ఖాళీయే దానిని నిలుపుతోంది.

అయితే కట్టె గదులకూ పడవ గర్భానికీ ఒక తేడా ఉంది. కట్టెలోని గాలి బయటికి పోవడానికి నెలలు పడుతుంది. పడవలోని గాలి చోటును నీరు ఆక్రమించడానికి నిమిషాలు చాలు. పడవ పక్కగోడ మీదుగా నీరు ఒకసారి లోపలికి దూకడం మొదలుపెడితే, కట్టె పడవ ఇనుప పడవ అన్న తేడా ప్రయాణికులను కాపాడలేదు.

లెక్క చూడండి. నీటి మట్టం దగ్గర 8 చదరపు మీటర్ల వైశాల్యం ఉన్న ఒక చిన్న పడవ ఒక సెంటీమీటరు కిందికి దిగాలంటే 80 కిలోల బరువు చాలు. అంటే దాదాపు ఒక మనిషి. అనుమతికి మించి పది మంది ఎక్కితే ఏడెనిమిది సెంటీమీటర్లు దిగుతుంది. పడవ అంచు నీటికి జానెడు ఎత్తులో ఉందనుకుంటే అందులో మూడో వంతు అప్పుడే పోయింది. ఇక ఒక అల వచ్చినా, అందరూ ఫోటో కోసం ఒక పక్కకు ఒరిగినా మిగిలిన ఎత్తు చాలదు. "ఇంకొక్కరే కదా" అనే మాట ఆ ఒక్క సెంటీమీటరును ఎవరి ప్రాణం నుంచి తీసుకుంటుందో ముందుగా తెలియదు.

2019 సెప్టెంబర్ 15న పాపికొండల విహారానికి బయలుదేరిన ఒక బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగి, పదుల సంఖ్యలో ప్రయాణికులు మరణించారు. బోటును వెలికి తీయడానికి నెల రోజులకు పైగా పట్టింది. వరద ఉధృతిలో సుడులు తిరిగే నది ముందు ఎంత పెద్ద బోటైనా చిన్నదేనని ఆ విషాదం ఈ ప్రాంత కుటుంబాలకు గుర్తుచేస్తూనే ఉంటుంది.

గట్టు మీద గుర్తుంచుకోవలసినవి

వరదలో కట్టెలు పట్టే విషయానికి తిరిగి వద్దాం. అడుగు వ్యాసం, మూడు మీటర్ల పొడవు ఉన్న నీరు తాగిన దుంగ బరువు సుమారు 200 కిలోలు. నీటిలో ఉన్నప్పుడు దానిని ఒక కుర్రవాడు కూడా వేలితో కదపగలడు. బరువంతా నీరే మోస్తోంది కదా! ఆ సుళువును చూసి అది తేలికైనదని భ్రమపడడమే ప్రమాదం. నీటిలో బరువు తెలియకుండా పోతుంది గాని, వేగంగా వచ్చే 200 కిలోల దెబ్బ ఎక్కడికీ పోదు. తాడు వేసి ఒడ్డుకు లాగే క్షణంలో దుంగ నీటిని వదలగానే అసలు బరువు చేతిమీద పడుతుంది, లేదా ప్రవాహం దుంగతోపాటు మనిషినీ లాక్కుపోతుంది. తాడును నడుముకు, మణికట్టుకు చుట్టుకున్నవారికి వదిలించుకునే వ్యవధి కూడా ఉండదు. అంచు మాత్రమే కనిపించే దుంగ అన్నింటికన్నా ప్రమాదకరమైనదని పిల్లలకు ముందే చెప్పాలి. వంటచెరకు మరోచోట దొరుకుతుంది.

మనిషి శరీరం కూడా ఈ తూనికకు అతీతం కాదు. గుండెల నిండా ఊపిరి ఉన్నప్పుడు మన సాంద్రత మంచినీటికన్నా రవ్వంత తక్కువ. ఊపిరి వదిలితే చాలామంది మునుగుతారు. నీటిలో పడినవారు భయంతో చేతులు రెండూ పైకెత్తి కేకలు వేస్తారు. గాలిలోకి లేచిన చేతులను నీరు మోయదు, కేకతో ఊపిరితిత్తుల గాలి పోతుంది. ఈ రెండూ కలిసి తలను కిందికి తోస్తాయి. చేతులు నీటిలోనే ఉంచి, వెల్లకిలా తిరిగి, ముఖం పైకి పెట్టి, ఊపిరి నిలుపుకోవడానికి ప్రయత్నించాలని పిల్లలకు ఈత నేర్పేటప్పుడే అలవాటు చేయాలి.

లైఫ్ జాకెట్టు చేసే పని కూడా బూరుగు కట్టె చేసే పనే. దాని లోపలి మెత్తని నురుగు పదార్థంలో నీరు చొరబడని గాలి గదులు వేలకొద్దీ ఉంటాయి. ఒకప్పుడు ఇటువంటి జాకెట్లలో బెండును, తెల్లబూరుగు దూదిని నింపేవారు. మన ఇళ్ళలో తలగడలకు వాడే బూరుగు దూదే అది. దాని పోగులు లోపల బోలుగా ఉండి, పైన మైనంలాంటి పూతతో నీటిని దరిచేరనివ్వవు. నేటి జాకెట్టు ఒక మనిషికి ఏడెనిమిది కిలోల ఆసరా ఇస్తుంది. తల నీటి పైన ఉండడానికి అది చాలు. కాని ఆ జాకెట్టు ఒంటి మీద, పట్టీలు బిగించి ఉండాలి. బల్ల కింద పెట్టిన జాకెట్టు ఎవరినీ తేల్చదు. ఉక్కగా ఉందని, బట్టలు నలుగుతాయని దానిని విప్పి పక్కన పెట్టనివ్వకండి. స్త్రీలు బుర్ఖా, చీర మీద కూడా దానిని ధరించవచ్చు.

ఎవరైనా నీటిలో పడినప్పుడు ఈత రానివారు వెనువెంటనే దూకడం వల్ల ఒక ప్రాణానికి బదులు రెండు ప్రాణాలు ప్రమాదంలో పడతాయి. మూత గట్టిగా బిగించిన 20 లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ క్యాను దాదాపు 19 కిలోల బరువును నీటి మీద మోయగలదు. దానికి ఒక తాడు కట్టి విసిరితే ఇద్దరు పట్టుకొని తేలవచ్చు. కాలువ గట్టున ఇల్లు ఉన్న ప్రతి కుటుంబం ఇటువంటి క్యానును, తాడును అందుబాటులో ఉంచుకోవడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

కట్టె తేలుతుందో మునుగుతుందో నిర్ణయించే నియమాన్ని సృష్టికర్త ఏర్పరచాడు. దానిలో దయాదాక్షిణ్యాలకు, మొహమాటానికి తావు లేదు. బూరుగు మొద్దునూ, ఎర్రచందనపు చేవనూ, నిండు పడవనూ నది ఒకే త్రాసులో తూస్తుంది. ఆ త్రాసు మన చేతిలో లేదు. పడవ ఎక్కేముందు దాని అంచు నీటికి ఎంత ఎత్తున ఉందో చూడడం, ఎక్కువ మంది ఉంటే తరువాతి దఫా కోసం ఆగడం, పిల్లల జాకెట్టు పట్టీని మన చేతులతో బిగించడం మాత్రం మన చేతిలోనే ఉన్నాయి.